తెల్ల గీతల మీద కుక్క పాదాలు

పొన్నూరులో, దాన్ని ఆనుకునే ఉన్న నిడుబ్రోలులో ఈ పాతికేళ్ళలో లేచిన ఇళ్ళలో అడుగుపెడితే చాలాచోట్ల ఒకే రకం నేల కనిపిస్తుంది. మీగడ రంగు విట్రిఫైడ్ టైల్స్, వాటి మధ్య సన్నటి తెల్ల గీతలు. గృహప్రవేశం నాడు ఆ గీత కంటికి ఆనదు, టైల్‌లో కలిసిపోయి ఉంటుంది. ఏడాది తిరిగేసరికి గుమ్మం దగ్గర, సోఫా ముందు, వంటింటి వాకిట్లో నల్లటి గళ్ళు తేలతాయి. ఇంట్లో కుక్క ఉంటే నింద నేరుగా దాని మీదికి పోతుంది.

పాత ఇళ్ళకు ఈ బాధ లేదు. పేడతో అలికిన మట్టి నేల, సున్నపు గచ్చు, ఆ తర్వాత మాచర్ల నుంచో బేతంచర్ల నుంచో వచ్చిన నాపరాళ్ళు, ఇంకొంచెం కలిగినవాళ్ళకు మొజాయిక్. నాపరాళ్ళ మధ్య కూడా సందులుండేవి, కానీ రాయి ముదురు రంగు, సందులో సిమెంటు బూడిద రంగు. ఎంత మురికి చేరినా తెలిసేది కాదు. పైగా కుక్క అరుగు మీదో పశువుల చావిడిలోనో పడుకునేది, గడప దాటేది కాదు. ఇప్పుడు నేల తెల్లబడింది, కుక్క లోపలికొచ్చి పిల్లలతో పాటు ఏసీ గదిలో పడుకుంటోంది. రెండు మార్పులూ ఒకే తరంలో జరిగి ఆ తెల్ల గీత మీద కలుసుకున్నాయి.

ఆ గీతను తెల్లగా ఉంచడానికి జనం చేసే పనులన్నీ ఒకచోట పెట్టి, ఏది పనికొస్తుంది, ఏది చెరుస్తుంది, ఎందుకు అన్నది తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ నల్లదనంలో కుక్క వాటా అందరికంటే తక్కువ. ఎక్కువ వాటా మేస్త్రీ తెల్ల సిమెంటు కలిపిన రోజుది, తర్వాత రోజూ మనం పెట్టే తడిగుడ్డది, అవి చాలవన్నట్టు ఆఖరున పోసే యాసిడ్‌ది.

ముందు లెక్క చూద్దాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదిలో రెండడుగుల చదరపు టైల్స్ వేస్తే లోపలి సందుల మొత్తం పొడవు 98 అడుగులు. అడుగు టైల్స్ వేస్తే అది 218 అడుగులవుతుంది. నాలుగడుగులు, రెండడుగుల పెద్ద పలకలు వేస్తే 68 అడుగులకు దిగుతుంది. రెండడుగుల టైల్స్‌కు 3 మిల్లీమీటర్ల సందు పెట్టారనుకున్నా, ఆ సందులన్నీ కలిపితే వచ్చే విస్తీర్ణం ఒక చదరపు అడుగు. గది మొత్తం 120 చదరపు అడుగులు. అంటే మనల్ని వేధిస్తున్నది నేలలో నూటికి ఒక వంతు కూడా కాదు. ఇది గుర్తుంటే రెండు సంగతులు తేటపడతాయి. ఒకటి, ఆ ఒక్క చదరపు అడుగు కోసం 120 అడుగుల మీదా ఘాటు మందు పొయ్యనక్కరలేదు. రెండు, కుక్కలున్న ఇల్లు కట్టబోయేవాళ్ళు పెద్ద టైల్ ఎంచుకుంటే సగం పని అక్కడే తప్పిపోతుంది.

విట్రిఫైడ్ టైల్‌ను ప్రమాణాల ప్రకారం నీళ్ళలో ఉంచితే తన బరువులో అర శాతానికి మించి పీల్చకూడదు. దాని మీద పడ్డ బురద, మూత్రం, చొంగ అన్నీ పైనే ఉంటాయి, తుడిస్తే పోతాయి. సందులో నింపిన సిమెంటు అలా కాదు. కొత్త మట్టికుండలా తడి తగలగానే లోపలికి లాక్కుంటుంది. పైగా టైల్ అంచుకంటే అర మిల్లీమీటరో ఒక మిల్లీమీటరో పల్లంగా ఉంటుంది కనుక టైల్స్ మీద నిలవని నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి. తడి ఆరిపోతుంది, అది మోసుకొచ్చింది ఉండిపోతుంది.

ఎంత పీలుస్తుందన్నది మాత్రం అన్ని సందులకూ ఒకటి కాదు. ఇక్కడే మేస్త్రీ పని తేడా చూపిస్తుంది. మన ఊళ్ళలో ఎక్కువగా వాడేది తెల్ల సిమెంటే. ఇనుము పాళ్ళు బాగా తగ్గించి చేయడం వల్ల దానికా తెలుపు వస్తుంది. 100 గ్రాముల సిమెంటు పూర్తిగా గట్టిపడటానికి 40 గ్రాముల నీళ్ళు సరిపోతాయి. సందుల్లోకి తేలిగ్గా జారాలని మేస్త్రీ దాన్ని అంబలిలా కలిపి నేలంతా పోసి చీపురుతోనో రబ్బరు పట్టీతోనో తోస్తాడు. సిమెంటుకు అక్కర్లేని ఆ నీళ్ళు తర్వాత ఆవిరై పోతూ తామున్న చోట కంటికి కనపడని రంధ్రాలు వదిలిపోతాయి. అరగంటలో తడిగుడ్డతో పైన తుడిచేటప్పుడు సందు పైపొరలోని సిమెంటు మరికొంత కొట్టుకుపోతుంది. ఆ పైన రంపపు పొట్టు చల్లి రుద్ది, ఫ్యాన్లు వేసి ఆరబెట్టి వెళ్ళిపోతారు. శ్లాబుకు వారాల తరబడి నీళ్ళు కట్టే మనం సందుల్లో సిమెంటుకు మూడు రోజులు కూడా తడి ఉంచం. మే నెల ఎండల్లో పోసింది గట్టిపడకముందే ఎండిపోతుంది. గోటితో గీస్తే పొడి రాలే సందు అలా తయారైందే. దానికి ఏ క్లీనరూ మందు కాదు.

సందులు నింపడానికి దుకాణాల్లో సంచుల్లో దొరికే గ్రౌటు పొడికి యూరప్ వాళ్ళ ప్రమాణం ఒకటుంది, ఈఎన్ 13888. అందులో మామూలు సిమెంటు గ్రౌటు నమూనా నాలుగు గంటల్లో 10 గ్రాముల వరకు నీళ్ళు పీల్చవచ్చు. పాలిమర్ కలిపి, తక్కువ పీల్చేలా చేసిన మేలు రకం 5 గ్రాములు దాటకూడదు. ఎపాక్సీ లాంటి రెసిన్ గ్రౌటు 0.1 గ్రాము దాటకూడదు. మొదటిదానికీ చివరిదానికీ నూరు రెట్లు తేడా. తెల్ల గీత చరిత్ర అంతా ఈ మూడు అంకెల్లో ఉంది. సంచి కొనేటప్పుడు రంగు ఒక్కటే చూడకుండా వెనక రాసిన రకం కూడా చదవమని నేను అందరికీ చెబుతుంటాను.

మన వైపు ఇంకో అలవాటు, అసలు సందే వద్దనడం. ‘గ్యాప్ లేకుండా వెయ్యి’ అని ఇంటివాళ్ళే మేస్త్రీని అడుగుతారు. సందు లేకపోతే మురికి ఉండదనుకుంటారు. నిజానికి అక్కడ వెంట్రుకంత సందు ఎలాగూ ఉంటుంది, దాంట్లోకి దిగేంత గ్రౌటు ఉండదు. పైపైన అతుక్కున్న తెల్ల సిమెంటు పొర కొన్నాళ్ళకు లేచిపోతుంది, ఖాళీలోకి కుక్క బొచ్చూ బురదా దిగుతాయి. అమెరికా ప్రమాణాలు ఎంత సన్నటి సందైనా అంగుళంలో పదహారో వంతుకు, అంటే 1.6 మిల్లీమీటర్లకు, తగ్గకూడదంటాయి. 2 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టించుకోవడం మనకు మంచి రాజీ.

ఇక మన మట్టి. పొన్నూరు కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉంది. సార్వాకు వరి, ఆ తర్వాత మాగాణిలో మినుమో మొక్కజొన్నో. పడమటికి పోయేకొద్దీ పత్తి, మిరప. ఎటు చూసినా నల్ల బంకమన్నే. తడిస్తే ఉబ్బి అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అందులోని బంకరేణువులు మిల్లీమీటరులో అయిదువందలో వంతుకంటే చిన్నవి. నీళ్ళెక్కువైన సిమెంటులో మిగిలే రంధ్రాల్లో పెద్దవాటిలో ఇవి హాయిగా ఇమిడిపోతాయి. ఇసుక నేలల ఊళ్ళో కుక్క తెచ్చే మన్ను చీపురుకు వచ్చేస్తుంది. రేగడి తడిగా వచ్చి సందులోకి దిగి అక్కడే ఎండుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి లాంటి వానల వారాల్లో కుక్కలున్న ఇంట్లో గుమ్మం నుంచి మంచం దాకా ఆ బాట గీసినట్టు కనిపిస్తుంది.

ఈ మట్టి ఇంకో రకంగానూ సందును పాడుచేస్తుంది. నేల కింద నింపినది నల్లమట్టే అయితే వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, పైన టైల్స్ కదలి సందుల్లో సన్నటి బీటలు పడతాయి. ఇది మనకొక్కళ్ళకే కాదు. మన వాళ్ళు వేలకొద్దీ స్థిరపడ్డ డాలస్ చుట్టుపక్కల టెక్సాస్ నేల కూడా ఇదే కోవకు చెందిన ఉబ్బే నల్లమట్టి, అక్కడి ఇళ్ళ పునాదులకూ అదే తిప్పలు. బీటలో చేరిన మురికిని రుద్ది తీయడం వృథా. గది చివరినుంచి చివరికి ఒకే వరసలో ఒక గీతే నల్లగా ఉంటే అది మురికి కాదు బీట అని అనుమానించాలి. దాన్ని గీకి మళ్ళీ నింపడమే దారి. కొత్తగా కట్టేవాళ్ళు నేల కింద ఇసుకో గరుసో నింపించి దిమ్మిస కొట్టించుకోవడం మేలు.

కుక్క నిజంగా తెచ్చేది ఏమిటి? కాళ్ళకు బురద, సరే. రెండోది ఒంటి జిడ్డు. కుక్క చర్మం నూనె విడుస్తుంది, అది బొచ్చు పొడుగునా పాకుతుంది. ఎండాకాలం కుక్క చల్లదనం కోసం రోజూ ఒకే మూల ఒకే టైల్ మీద బోర్లా పడుకుంటుంది. అక్కడ సందు నల్లబడితే అది మట్టి కాదు, జిడ్డుకు అంటిన దుమ్ము. ఆ తేడా తెలియక రెంటికీ ఒకటే మందు వాడతాం. మూడోది చొంగ, కన్నీళ్ళు. వీటిలో పోర్ఫిరిన్లనే వర్ణకాలుంటాయి, తెల్ల బొచ్చు కుక్కల కళ్ళ కింద కనపడే ఎర్రటి చార వాటి పనే. ఎముక కొరుక్కునే చోట సందు గోధుమ రంగుకు తిరగడానికి ఇవీ ఒక కారణం. నాలుగోది తిండి గిన్నె. పెరుగన్నం, మజ్జిగన్నం పెట్టే ఇళ్ళలో గిన్నె చుట్టూ సందు రంగు మారడమే కాదు, గుంటపడుతుంది కూడా. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం సిమెంటులోని సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పాల కర్మాగారాల నేలల్లో మామూలు సిమెంటు సందులు నిలవకపోవడానికి కారణం ఇదే. గిన్నె కింద అంచున్న స్టీలు పళ్ళెం పెడితే చాలు, ఈ బాధ ఉండదు.

మూత్రం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని చుట్టూ అపోహలూ ఎక్కువే. ఇరవై కిలోల కుక్క రోజుకు సుమారు అర లీటరు పైన మూత్రం పోస్తుంది. తాజాగా ఉన్నప్పుడు అది చాలావరకు కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది. అందులోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టేకొద్దీ అమోనియా పుట్టి క్షార గుణానికి మారుతుంది. ముక్కు అదరగొట్టే వాసన ఆ దశది. పసుపుదనం దానిలోని వర్ణకాలది. మార్కెట్లో కుక్కల కోసమని అమ్మే ఎంజైమ్ ద్రావణాల ప్రచారంలో ‘యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కరిగిస్తుంది’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. కుక్క కాలేయం యూరిక్ ఆమ్లంలో ఎక్కువ భాగాన్ని అల్లంటాయిన్ అనే తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చేస్తుంది. ఆ శక్తి లేనిది మనిషికి. కుక్కల్లో జన్యుదోషం వల్ల యూరిక్ ఆమ్లం ఎక్కువగా పోసే జాతిగా పేరుపడ్డది డాల్మేషియన్. అంచేత మన ఊరకుక్కకో లాబ్రడార్‌కో ఆ ప్రచారం పెద్దగా వర్తించదు. ఎంజైమ్ ద్రావణాలు పనికిరావని కాదు. సందులోకి దిగిన సేంద్రియ పదార్థాన్ని అవి నిజంగా విడగొడతాయి, వాసనకు మూలాన్ని తీసేస్తాయి. కాకపోతే వాటికి సమయం కావాలి, తడి ఆరకుండా పది పదిహేను నిమిషాలైనా ఉంచాలి. అంతకుముందే అక్కడ ఫినాయిలో బ్లీచో పోసి ఉంటే ఎంజైములు చచ్చిపోతాయి. చాలా ఇళ్ళలో జరిగేది అదే.

మూత్రం పడగానే చేయాల్సింది మాత్రం ఏ సీసాలోనూ లేదు. పాత నూలు గుడ్డతో అద్ది పీల్చెయ్యాలి. తుడవకూడదు, తుడిస్తే నాలుగు సందులకు పాకుతుంది. తర్వాత మామూలు నీళ్ళు కొద్దిగా పోసి మళ్ళీ అద్దాలి. ఈ రెండు పనులూ అయిదు నిమిషాల్లోపు జరిగితే సందులో మరక మిగిలేది చాలా తక్కువ. చేతికి గ్లవ్స్ వేసుకోవడం మంచిది. ఎలుక జ్వరమనే లెప్టోస్పైరోసిస్ కుక్క మూత్రం ద్వారా కూడా మనుషులకు రావచ్చు. వరి పొలాలు, కాలువలు, ఎలుకలు ఉన్న మన డెల్టాలో కుక్కకు ఆ టీకా వేయించడం ఇంటి శుభ్రతలో భాగంగానే చూడాలి.

ఇప్పుడు అసలు ముద్దాయి దగ్గరికొద్దాం. ఒక బకెట్ నీళ్ళు, అందులో ఒక మూత ఫినాయిలో గుప్పెడు సర్ఫో, ఒకే గుడ్డ, నాలుగు గదులు. మొదటి గది తుడిచేసరికే నీళ్ళు బూడిద రంగుకొస్తాయి. రెండో గది నుంచి మనం చేస్తున్నది శుభ్రం కాదు, పలచటి బురద నీళ్ళు నేలంతా సమంగా పరచడం. టైల్స్ మీద నిలవక ఆ నీళ్ళు సందుల్లోకి దిగుతాయి, ఫ్యాను గాలికి ఆరిపోతాయి. రోజూ ఇలా జరిగితే కుక్క లేని ఇంట్లో కూడా సందు నల్లబడుతుంది. నడక లేని మంచం కింద సందులు కూడా కాలక్రమాన ముదురు రంగుకు రావడం మీరు గమనించి ఉంటారు. అక్కడికి కుక్క కాళ్ళు వెళ్ళలేదు, మన తడిగుడ్డ వెళ్ళింది.

సర్ఫ్ ఎక్కువేస్తే తెల్లగా వస్తుందన్న నమ్మకం దీన్ని ఇంకా పెంచుతుంది. కడగకుండా వదిలేసిన సబ్బు ఆరాక జిడ్డు పొరలా మిగిలి తర్వాత వచ్చే దుమ్మును పట్టుకుంటుంది. బోరు నీళ్ళయితే సబ్బు, నీళ్ళలోని సున్నంతో కలిసి తెట్టు కడుతుంది. మన తీరప్రాంతపు బోరు నీళ్ళలో లవణాలెక్కువ. తాగునీటికి భారతీయ ప్రమాణం, వేరే దారి లేనప్పుడు లీటరుకు 2000 మిల్లీగ్రాముల వరకు కరిగిన లవణాలను అనుమతిస్తుంది. అలాంటి నీళ్ళతో తుడిచి, నేల మీద ఒక లీటరు ఆరిపోయిందంటే 2 గ్రాముల ఉప్పు మిగిలినట్టే. నెలకు 60 గ్రాములు. అందులో ఎక్కువ భాగం చేరేది ఆ ఒక్క చదరపు అడుగు సందుల్లోకే. టైల్స్ అంచున తెల్లటి గరుకు గీత పేరుకోవడం, దాని మీద మళ్ళీ మట్టి పట్టడం ఇలాగే.

పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. ముందు పొడిగా ఊడవాలి. బొచ్చును, ఎండిన మట్టిని తడపకముందే తీసెయ్యాలి. మెత్తటి కొండచీపురు టైల్స్‌కు మంచిదే గానీ సందులోకి దిగదు. వారానికోసారి గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో సందుల వెంట పొడిగా లాగితే లోపల పట్టినది లేస్తుంది. తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్లో చాలా కొద్దిగా క్లీనర్ కలిపిన నీళ్ళు, రెండోదాంట్లో గుడ్డ జాడించుకోవడానికి ఉత్త నీళ్ళు. గదికోసారి జాడింపు నీళ్ళు మార్చాలి. గుడ్డను నీళ్ళు కారనంతగా పిండాలి. చివర కాలువ నీళ్ళు వచ్చే కుళాయి నుంచి పట్టిన నీళ్ళతో ఒకసారి తుడిచి, వెంటనే పొడిగుడ్డ పెట్టాలి. సందులో తడి ఆరనివ్వకుండా తీసెయ్యడమే ఇందులో కీలకం. మందు పెంచడం కంటే తడి తగ్గించడం వల్ల వచ్చే ఫలితం ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఇంత పని ఎవరు చేస్తారన్న ప్రశ్న ఉంది. మన ఇళ్ళలో తుడిచేది చాలావరకు పనికొచ్చే ఆవిడ. నాలుగు ఇళ్ళు చేసుకునే మనిషికి రెండో బకెట్ మోయమని చెబుతున్నామంటే, పిండే మాప్ కొనివ్వాలి, సమయం ఇవ్వాలి, దానికి తగ్గ జీతం కూడా ఇవ్వాలి. రోజూ ఇల్లంతా తడి పెట్టించడం మాని రోజు విడిచి రోజు శ్రద్ధగా చేయిస్తే సందులకూ మంచిది, ఆవిడ మోకాళ్ళకూ మంచిది.

నల్లబడ్డాక అందరూ పోయేది యాసిడ్ దగ్గరికి. ‘కొంచెం యాసిడ్ కొట్టండమ్మా, కొత్తదానిలా వచ్చేస్తుంది’ అని చెప్పని మేస్త్రీ అరుదు. పోయగానే బుసబుసమని నురగ వస్తుంది, కడిగితే గీత తెల్లగా మెరుస్తుంది. చూసినవాళ్ళకు నమ్మకం కుదురుతుంది. ఆ నురగ మురికి కరగడం వల్ల వచ్చింది కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సిమెంటులోని సున్నపు పదార్థాన్ని తినేస్తుంటే వెలువడే బొగ్గుపులుసు వాయువు అది. మురికి పట్టిన పైపొర పోయి లోపలి కొత్త సిమెంటు బయటపడింది, అందుకే తెలుపు. కానీ ఆ కొత్త ముఖం మునుపటికంటే గరుకు, మునుపటికంటే ఎక్కువ రంధ్రాలు, మునుపటికంటే పల్లం. మరుసటి నెలకు ఇంకా త్వరగా నల్లబడుతుంది, మళ్ళీ యాసిడ్. ఇలా నాలుగైదు సార్లయ్యాక పోయడానికి గ్రౌటే మిగలదు. టాయిలెట్ క్లీనర్లు, నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా ఇదే దారిలో నడుస్తాయి, కాకపోతే మెల్లగా. పైగా యాసిడ్ ఆవిరి పీల్చేది మనమూ, తడి నేల మీద నడిచి పాదాలు నాకేది కుక్కానూ. 2013 జులైలో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది మనుషుల మీద దాడులు ఆపడానికి. ఆ సీసా ఇంట్లో లేకపోవడానికి నేల కూడా ఒక కారణమే.

ఫినాయిల్ సందును కరిగించదు, కానీ శుభ్రమూ చేయదు. వాసన కప్పుతుంది. నల్ల ఫినాయిల్‌లోని ఫినాల్ జాతి పదార్థాలు కుక్కలకు విషం, పిల్లులకు మరీనూ. రంగురంగుల ఫ్లోర్ క్లీనర్లలో చాలావాటిలో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ సీసా మీద చెప్పిన పాళ్ళలో కలిపి, ఆరేదాకా కుక్కను రానివ్వకపోతే ఫర్వాలేదు. చిక్కగా పోస్తే నాలుక, పాదాల చర్మం పొక్కుతాయి. బ్లీచింగ్ పౌడర్ మరక రంగు తీస్తుంది, క్రిములనూ చంపుతుంది. అయితే మూత్రం పడ్డ చోట నేరుగా చల్లితే అమోనియాతో కలిసి క్లోరమైన్ వాయువులు వస్తాయి, యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వస్తుంది. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో ఈ కలయిక ప్రాణం మీదికి తెస్తుంది. ఏ రెండు సీసాలూ కలపవద్దని పనిచేసేవాళ్ళకు చెప్పి, చూపించి, యాసిడ్ సీసా ఇంట్లోంచి తీసెయ్యాలి.

వంటసోడా మీద వెనిగర్ పోసే చిట్కా గురించి రెండు మాటలు చాలు. పొంగు చూడటానికి బాగుంటుంది, ఒకదాన్నొకటి చంపుకుని చివరకు మిగిలేది ఉప్పు నీళ్ళే. సోడా ఒక్కదాన్ని ముద్దలా చేసి రుద్దితే మాత్రం కొంత పని జరుగుతుంది. టూత్‌పేస్టు పనిచేసేదీ అలాగే, రాపిడి వల్ల. ఇనుప బ్రష్, స్టీలు పీచు వద్దు, వాటి ముక్కలు సందులో ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి.

నా పరిశీలనలో అన్నిటికంటే నమ్మదగింది ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పెర్‌కార్బొనేట్. బట్టల మరకలకని అమ్మే పొడుల్లో కొన్నింటిలో ఉండేది ఇదే, ప్యాకెట్ వెనక చూసి కొనాలి. గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, బట్టల సోడాగా విడిపోతుంది. మొదటిది రంగు విరగ్గొడుతుంది, రెండోది జిడ్డు లేపుతుంది. క్షారం కనుక సిమెంటుకు హాని లేదు. లీటరు నీళ్ళకు రెండు చెంచాలు కలిపి, అప్పటికప్పుడు సందుల వెంట మాత్రమే పోసి, ఇరవై నిమిషాలు ఆరనివ్వకుండా ఉంచి, నైలాన్ బ్రష్‌తో తోమి, ఆ నల్లనీళ్ళను గుడ్డతో ఎత్తెయ్యాలి. పక్కకు తోసెయ్యకూడదు. రెండుసార్లు మంచినీళ్ళతో తుడిచి, నేల ఆరేదాకా కుక్కను వేరే గదిలో ఉంచాలి. ఏడాదికి రెండు మూడు సార్లు చాలు. కుక్క పడుకునే మూలల్లో జిడ్డుకు ఉత్త బట్టల సోడా ద్రావణం కూడా సరిపోతుంది. మూత్రం, చొంగ మరకలకు మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను సమంగా నీళ్ళు కలిపి అద్దితే బాగా పోతాయి. కుక్క నాకకుండా చూడాలి, కడుపులోకి పోతే వాంతులవుతాయి.

మనకే ప్రత్యేకమైన మరక ఇంకొకటి, పసుపు. గడపకు రాసిన పసుపు తడి ఆరకముందే కుక్క తొక్కి లోపలికి తెస్తుంది. క్షార గుణమున్న సిమెంటు తగలగానే పసుపు ఎర్రబారుతుంది. సోడాతో రుద్దితే ఇంకా ఎర్రబడుతుంది, జనం కంగారుపడి యాసిడ్ తీస్తారు. ఆ కంగారు అక్కర్లేదు. పసుపు రంగు ఎండకు నిలవదు. కిటికీ తెరిచి నాలుగు రోజులు ఎండ పడనిస్తే చాలావరకు పోతుంది, మిగిలినదానికి పెరాక్సైడ్ చాలు.

సీలర్లు, అంటే సందు మీద పూసే ద్రవాలు, నీళ్ళు దిగకుండా కొంతకాలం ఆపుతాయి. లోపలికి ఇంకి రంధ్రాల గోడలను నీళ్ళంటనివ్వకుండా చేసే సిలేన్, సిలోక్సేన్ రకాలు పైన పొరలా కట్టే యాక్రిలిక్‌ల కంటే మేలు. సందు మీద నీటి చుక్క వేసి చూడాలి. ముత్యంలా నిలిస్తే సీలర్ ఉంది, ఇంకిపోయి చోటు ముదురుబడితే అయిపోయింది. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. మురికి ఉండగా పూస్తే ఆ మురికిని లోపల బంధించినట్టే.

ఎపాక్సీ గ్రౌటు అన్నిటికంటే తక్కువ పీలుస్తుందని అంకెలు చెప్పాయి. కుక్క తిండి పెట్టే చోట, బాత్‌రూమ్‌లో, వంటింట్లో అది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. ఖరీదు సిమెంటు గ్రౌటుకు చాలా రెట్లు. మన వాతావరణంలో రెండు ఇబ్బందులున్నాయి. రెసిన్, గట్టిపరిచే ద్రవం కలిపాక వేసవి వేడికి చాలా త్వరగా బిగుస్తుంది. అలవాటు లేని మేస్త్రీ టైల్స్ మీద మిగిలిన పొరను తుడిచేలోపే అది అతుక్కుపోయి నేలంతా మసకబారుతుంది. రెండోది, ఎండ. తెల్ల ఎపాక్సీ వరండాల్లో, పడమటి కిటికీల కింద పసుపుబారుతుంది. అక్కడ మేలు రకం సిమెంటు గ్రౌటే నయం.

రంగు మాట కూడా అనుకోవాలి. ఇంట్లో రెండు కుక్కలుండి, ఇంటి ముందు రేగడి ఉండి, సందు మాత్రం పాలలా ఉండాలనుకోవడం పనిచేసేవాళ్ళ మీద మోపే బరువు. లేత బూడిద, లేత గోధుమ రంగుల్లో గ్రౌటు ఇప్పుడు ఏ టైల్స్ దుకాణంలోనైనా దొరుకుతుంది. మీగడ రంగు టైల్ పక్కన అది అందంగానే ఉంటుంది, మన దుమ్ము రంగుకు దగ్గరగా ఉంటుంది. ఇప్పటికే తెల్ల సందులున్నవాళ్ళు శుభ్రం చేశాక పైన వేసే గ్రౌటు రంగులతో లేత బూడిదకు మార్చుకోవచ్చు. దీన్ని ఓటమిగా చూడనక్కర్లేదు. నాపరాళ్ళ ఇళ్ళలో మన పెద్దవాళ్ళు చేసినదీ ఇదే.

గుమ్మం దగ్గర పని ముందే మొదలెట్టవచ్చు. బయటినుంచి వచ్చిన మనిషి కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం మనకు అలవాటే. కుక్కకూ అదే మర్యాద చేస్తే చాలు. ఉత్త నీళ్ళతో పాదాలు కడిగి, వేళ్ళ సందులు కూడా పొడిగా తుడవాలి, తడి ఉంటే అక్కడ పుండ్లు పడతాయి. గడప బయట గరుకు పట్టా, లోపల నీళ్ళు పీల్చే పట్టా వెయ్యాలి. గోనెసంచి బాగా పనికొస్తుంది, అయితే మిరపకాయల బస్తాకు వాడిన సంచి మాత్రం ఎన్నిసార్లు ఉతికినా వద్దు. ఆ ఘాటు కుక్క ముక్కుకు, పాదాలకు నరకం.

సందు పొడి రాలుతుంటే, బీటలుంటే, యాసిడ్ తిని గుంటపడితే ఇక శుభ్రం మానుకుని మళ్ళీ నింపించాలి. పాతదాని పైన పూస్తే పెచ్చులుగా లేస్తుంది. టైల్ మందంలో సగానికి పైగా లోతు దాకా గీకించి, దుమ్ము పీల్చేసి, కొలిచిన నీళ్ళతో గట్టిగా కలిపిన పాలిమర్ గ్రౌటు రబ్బరు పలకతో అదిమి నింపించాలి. గోడ వారన మాత్రం గ్రౌటు బదులు సిలికాన్ పెట్టిస్తే నేల కదిలినా బీట రాదు. సంక్రాంతి దాటి శివరాత్రి దాకా ఉండే రోజులు దీనికి అనువైనవి. వాన ఉండదు, ఎండ ముదరదు. కుక్కను మూడు రోజులు చుట్టాలింట్లోనో మేడ మీదో ఉంచి, ఆ మూడు రోజులూ సందుల మీద రోజుకు రెండుసార్లు తడిగుడ్డ అద్దిస్తూ ఉండాలి. సీలర్ పూయాలనుకుంటే సందు పూర్తిగా ఆరడానికి ఇంకో మూడు వారాలు ఆగి పూయించాలి.